సిమెంటు చాలని కన్నం

కాజాలమ్మకి ఎలుకంటే చచ్చేంత భయం. పులి ఎదురైతే ఏం చేసేదో తెలియదు గానీ, చిట్టెలుక తోక కనిపిస్తే మాత్రం కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కుని బిగుసుకుపోయే మనిషి. కాజాలమ్మ ఆవిడ అసలు పేరు కాదు. దర్జీ కొట్లవాళ్ళు చొక్కాలు మూటగట్టి పంపితే, ఇంట్లో కూర్చుని వాటికి చేత్తో కాజాలు కుడుతుంది కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరుతో పిలిచే ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు వేరే ఊళ్ళో రెండో సంసారం పెట్టుకున్నాడు. రెండు గదుల ఇల్లు, వీధి వైపు ఒక కిటికీ, దాని కింద కుర్చీ. ఆ ఇంటికి చొక్కాలు తప్ప ఎవరూ రారు, ఆ చొక్కాల్లో మనుషులుండరు.

అలాంటి ఇంట్లోకి ఎలుకలు దూరాయి. దూరినవి ఊరుకోకుండా ఒక పెళ్ళికొడుకు తెల్లచొక్కా కాలరు కొరికి పెట్టాయి. దర్జీ మొహం మాడ్చుకున్నాడు. కాజాలమ్మ భయపడి కొడుక్కి ఫోన్ చేసింది.

"మందు పెట్టమ్మా, చస్తాయి," అన్నాడు కొడుకు.

"చచ్చాక ఎవరు తీస్తార్రా?"

కొడుకు పనుందని పెట్టేశాడు.

ఇక గత్యంతరం లేక బోను కొనడానికి హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళింది. ఇంటి పక్కనే ఒకటి ఉండగా మూడు వీధులు దాటి ఇంకో కొట్టుకి ఎందుకు వెళ్ళిందని అడిగితే, అక్కడ సరుకు మంచిదని చెప్పేది. అసలు సంగతి, ఆ కొట్టులో మేకులు తూచి ఇచ్చేది ఆవిడ కోడలు.

కోడలు అన్నాను గానీ, కాగితాల ప్రకారం కాదు. కొడుకూ ఆ పిల్లా విడిపోయారు. విడిపోయిన కోడల్ని ఏమనాలో మన భాషలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. మాజీ మంత్రులున్నారు గానీ మాజీ కోడళ్ళు లేరు. అందుకని కోడలనే అందాం.

కోడలు బోను తీసి కౌంటరు మీద పెట్టింది. అత్తగారి చేతులకేసి చూసింది. బోనుని ముట్టుకోవడానికే అవి జంకుతున్నాయి.

"మీవల్ల కాదిది. ఆదివారం నేనొచ్చి పెడతాను," అంది.

అన్నట్టే వచ్చింది. ధాన్యం కొట్టువాళ్ళింట పుట్టి పెరిగిన పిల్ల, ఎలుకల మధ్యే ఓనమాలు దిద్దుకుంది. కొక్కేనికి వేయించిన పల్లీ గుచ్చి ఊరుకోలేదు, కాజాల దారం అడిగి తీసుకుని నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. "ఊరికే పెడితే చల్లగా పట్టుకుపోతాయి. దారం కడితే లాగక తప్పదు. లాగితే తలుపు పడుతుంది," అంది. మర్నాటికి ఒకటి పడింది. కబురందగానే వచ్చి, బోను మీద గుడ్డ కప్పి, రైలు కట్ట అవతల ఖాళీ స్థలంలో వదిలేసి వచ్చింది కోడలు. చేతులు కడుక్కుని టీ తాగింది.

అలా మొదలై, ఆదివారం ఆదివారం రావడం అలవాటైంది. మాట్లాడుకునేదంతా ఎలుకల గురించే. ఎటునుంచి వస్తున్నాయి, ఏం కొరికాయి, తల్లా పిల్లా. కొడుకు ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. మాట అటు జారబోతే ఎవరో ఒకరు మళ్ళీ ఎలుకల్లోకి లాగేవారు. కాపరం చేసిన రోజుల్లో ఈ పిల్ల నోటి వెంట గంటకి పదిసార్లు "అత్తయ్యా" అని వచ్చేది. ఇప్పుడా పిలుపు లేదు. దాని బదులు "ఆంటీ" అంటుందేమోనని కాజాలమ్మ మొదటిరోజు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అదృష్టం కొద్దీ అదీ అనలేదు. గుమ్మంలో నిలబడి "ఉన్నారా?" అనేది, అంతే. వారమంతా కాజాలమ్మ ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉండేది.

వచ్చిన చిక్కల్లా, కోడలి పనితనం గొప్పది. కొన్నాళ్ళకి ఎలుకలు అయిపోయాయి. బోనులో పల్లీ పెట్టింది పెట్టినట్టే ఎండిపోయింది.

"ఇక మీకు బాధ లేదు," అంది కోడలు, బోను దులుపుతూ.

"హమ్మయ్య," అంది కాజాలమ్మ. అన్నాక గానీ ఆవిడకి తట్టలేదు. ఎలుకలు లేకపోతే ఈ పిల్ల ఏ వంకన వస్తుంది? ఊరికే రా అని పిలవడానికి తనెవరు?

మరుసటి ఆదివారానికి ఎలుకలు తిరిగి వచ్చాయి. కాజాల కత్తెరతో ఒక పాతగుడ్డ అంచుని చిన్నచిన్న తుంపులు చేసింది కాజాలమ్మ. పెంటికల కోసం ఇల్లంతా గాలించింది. ఒంట్లో వేడికని డాక్టరు చెబితే కొన్న సబ్జా గింజలు డబ్బాలో ఉన్నాయి. నల్లగా, సన్నగా, అచ్చం అలాగే ఉన్నాయి. వంటగది తొట్టి కింద మూల చీకటిగా ఉంటుంది, అక్కడ నాలుగు జల్లింది. ధాన్యం కొట్టులో పెరిగిన మనిషికి గింజకీ పెంటికకీ తేడా తెలియకపోతుందా అని మీకు అనుమానం రావచ్చు. కాజాలమ్మకి రాలేదు. కబురు విని వచ్చిన కోడలు వంగి చూసి, "మళ్ళీ మొదలెట్టాయే," అని బోనుకి పల్లీ కట్టింది. ఆ తరవాత వారం వారం ఆవిడ గుడ్డలు కత్తిరించడమూ గింజలు జల్లడమూ, ఈ పిల్ల బోను పెట్టడమూ. బోనులో ఏదీ పడకపోవడం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం కోడలు బోను జోలికి పోలేదు. సంచిలోంచి సిమెంటు పొట్లం, తాపీ, ఇనప పీచు తీసి కింద పెట్టింది.

"కన్నాలన్నీ ఇవాళ మూసేస్తాను. ఇకమీదట ఆదివారాలు రావడానికి కుదరకపోవచ్చు," అని పొట్లం మూతి విప్పుతూ, "వచ్చే నెల పెళ్ళి చేసుకుంటున్నాను," అంది.

కాజాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "మంచిది," అంది. మనసులో కూడా మంచిదే అనుకుంది. అనుకున్నా నొప్పి తగ్గలేదు. "ఇల్లెక్కడ?"

"ఊరికి ఆ చివర. ఆయనా, వాళ్ళమ్మగారూ ఉంటారు. మంచావిడ."

కొత్త అత్తగారన్నమాట. చూడని ఆ ముసలావిడ మీద కాజాలమ్మకి భగ్గున అసూయ పుట్టింది.

"ఆవిడకి ఎలుకలంటే భయమా?" అని అడిగింది.

"లేదు. వాళ్ళింట్లో పిల్లి ఉంది."

కోడలు చీర చెంగు దోపి పనిలోకి దిగింది. తలుపు చట్రం పక్కన కన్నం, డబ్బాల అలమర వెనక కన్నం, ఒక్కోదాంట్లో ఇనప పీచు కుక్కి సిమెంటుతో మెత్తింది. కాజాలమ్మ పక్కన నిలబడి నీళ్ళు అందించింది. తన తలుపు తనే దగ్గరుండి మూయించుకుంటున్నట్టు ఉంది ఆవిడకి. వద్దని చెప్పాలనుకుంటూనే మళ్ళీ గిన్నె నింపుకొచ్చింది.

తొట్టి కింద గొట్టం పక్కన కన్నం దగ్గరికి వచ్చేసరికి కాజాలమ్మ చేతిలో గిన్నె ఒరిగింది. నీళ్ళు మూలకి పారాయి. కోడలు చూసుకోలేదు, మెత్తుతూనే ఉంది. కాజాలమ్మకి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది, తను ఎక్కడ పప్పులో కాలేసిందో.

సబ్జా గింజల సంగతి తెలిసిందేగా. కోడలు తాపీ కడిగి అటు తిరిగేసరికి ఎలుక పెంటికలు ఒక్కొక్కటే ఉబ్బుతున్నాయి. చుట్టూ తెల్లటి జిగురు తొడుక్కుని, చేప కళ్ళలా తేలి, ఇద్దరి మొహాల్లోకీ చూస్తున్నాయి. కాజాలమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

కోడలు వంగి వాటిని చూసింది. తరవాత తలెత్తకుండా గుడ్డ తీసుకుని ఆ మూలంతా శుభ్రంగా తుడిచింది.

"మీ ఇంట్లో ఎలుకలు బాగా తింటున్నట్టున్నాయి. ఎంత ఉబ్బాయో," అంది.

కాజాలమ్మ ఒరిగిన గిన్నె తీసి బోర్లించింది.

ఇక మిగిలింది ఒక్కటే కన్నం, కిటికీ కింద కుర్చీ పక్కన. కోడలు దాని ముందు గొంతుక్కూర్చుంది. వేలు పెట్టి లోతు చూసింది. లేచి తాపీ సంచిలో వేసుకుంది.

"సిమెంటు అయిపోయింది," అంది.

"అయ్యో," అంది కాజాలమ్మ.

"ఇదొక్కటీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ దూరతాయి. దూరితే కబురు చెయ్యండి, వస్తాను."

టీ తాగి గుమ్మం దిగింది. కాజాలమ్మ వెనకే వెళ్ళి నిలబడింది. ఆ పాత పిలుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. కోడలు వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది.

ఇంట్లోకి వచ్చి చీపురందుకుంది కాజాలమ్మ. తలుపు వెనక ఏదో తగిలింది. సిమెంటు పొట్లం. మూతి మడిచి, దానికి బట్టల క్లిప్పు పెట్టి, గోడకి ఆనించి ఉంది. ఎత్తి చూస్తే సగానికి సగం అలాగే ఉంది. ఆ పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి తొందరపడలేదు.

తరవాత లేచి డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి విరిచింది. ఎలుకంటే భయం ఆవిడకి ఇసుమంత కూడా తగ్గలేదు. అయినా చెయ్యి బారెడు చాచి ఒక ముక్కని ఆ కన్నం ముందు పెట్టింది. గబగబా వెనక్కి వచ్చి, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కుని, కన్నం వైపు చూస్తూ కూర్చుంది.