ఒక ప్లేటుకు సరిపడా ఉప్పు

రెండో రోజు కూడా పాస్తా ఉప్పు కషాయమే అయింది.

నాహీద్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక నీళ్ల గ్లాసు అందుకుంది. ఎదురుగా భర్త ఫరూఖ్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. కోరుట్ల చుట్టుపక్కల పెళ్లిళ్లలో పెద్ద పెద్ద దేగు గిన్నెల కొద్దీ బిర్యానీ దించిన మనిషి, రెండు గుప్పిళ్ల పాస్తా దగ్గర బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

పరీక్ష మరి. శనివారం జగిత్యాలలో దోహా హోటల్ వాళ్లెవరో వంటవాళ్లకు టెస్ట్ పెడుతున్నారు. ఏజెంట్ మజర్ రెండు పాస్తా ప్యాకెట్లు చేతిలో పెట్టి, చేయాల్సిన వంట కాగితం మీద రాసిచ్చాడు. చికెన్, మీగడ వేసిన పెస్టో పాస్తా, ఒక్క ప్లేటు. పాసైతే రెండేళ్ల వీసా. లేదంటే ఇల్లే గతి.

ఇంట్లో ఉండి చేసేదేముంది? సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. దావత్‌లన్నీ వాయిదా పడ్డాయి. ఈ నెలలో ఫరూఖ్ గరిటె పట్టిందల్లా రోడ్డు మీద వంటావార్పులోనే, మూడు వందల మందికి, ఊరికే. అక్కడ అందరూ లొట్టలేసుకుని తిన్నారు, జై కొట్టారు. ఇంటికొచ్చాక మాత్రం గోడకు చేరగిలబడి, చాట ముందు బీడీలు చుట్టే నాహీద్ వేళ్ల వంక చూస్తూ కూర్చునేవాడు. ఏమైందంటే ఏం లేదనేవాడు. పొద్దంతా బీడీలు చుట్టినా రాని అలసట ఆ చూపుతో వచ్చేది ఆమెకు.

అలాగని పంపడానికీ మనసు ఒప్పడం లేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి మస్కట్ పోయి మూడేళ్లకు వచ్చాడు. ఆ మూడేళ్లూ ఎలా గడిచాయో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మళ్లీ అంత ఓపిక ఆమె దగ్గర లేదు.

"చీజ్‌ల ఉప్పున్నది," అన్నాడు ఫరూఖ్. "నిన్న గూడ గదే అయింది."

"అయి ఉంటది," అంది నాహీద్.

పచ్చి అబద్ధం. తప్పెక్కడుందో ఆమె రెండు రోజులుగా కళ్లారా చూస్తూనే ఉంది. ఆయన ఉప్పు డబ్బాలో గుప్పిట ముంచుతాడు, ఏదో దయతలచినట్టు సగం వెనక్కి జారుస్తాడు, మిగతా సగం గిన్నెలో విసురుతాడు. దేగులో అయితే ఆ సగం గుప్పెడు ఏ మూలకూ రాదు. పోనీ రుచి చూస్తాడా అంటే ససేమిరా. విందుకొచ్చిన మెహమాన్లు తినకముందు వంటవాడి నోరు తగలకూడదని ఉస్తాద్ నేర్పిన పట్టింపు. ఆవిరి వాసనను బట్టే ఉప్పు చెబుతాడు. బిర్యానీకి పనికొచ్చే ఆ ముక్కు ఈ మీగడ దగ్గర చేతులెత్తేసింది. ముక్కుకు చేతులేమిటని అడక్కండి, ఫరూఖ్‌ను చూస్తే అలాగే ఉంది మరి.

సామాన్లు కూడా అలాంటివే. ఆలివ్ నూనె మందుల షాపులో దొరికింది, పసిపిల్లలకు మాలిష్ చేసే సీసా. పెస్టోకు కావాల్సిన ఆకు సబ్జా ఆకేనని మజర్ చెబితే పూలమ్మేవాళ్ల దగ్గర తెచ్చాడు. సమాధుల మీద పూలతో కలిపి పెట్టే ఆకు. ఆ వాసనకు నాహీద్‌కు పోయినవాళ్లంతా గుర్తొచ్చారు. ఇదెక్కడి తిండిరా అనుకుంది.

శుక్రవారం పొద్దుగూకే వేళ ఆఖరిసారి పొయ్యి వెలిగించాడు. మిక్సీ వేద్దామంటే కరెంటు పోయింది. సబ్జా ఆకు, వెల్లుల్లి, కాజు, చీజ్ ముక్క రోట్లో వేసి తానే నూరాడు. తన వేళ్లకు పొగాకు కంపు అని నాహీద్ రోలు ముట్టలేదు. చికెన్ ముక్కలు వేగాయి. మీగడ పోసి, అది చిక్కబడ్డాక పచ్చటి ముద్ద కలిపి, వార్చిన పాస్తా వేశాడు. అప్పుడు చెయ్యి ఉప్పు డబ్బా వైపు పోయింది.

నోరు మూసుకుంటే చాలు. రేపు ఎవరో పరాయివాడు ఒక చెంచా తిని మొహం చిట్లిస్తాడు, సాయంత్రానికి ఈయన ఇంటికొస్తాడు. నాహీద్‌ను ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఫరూఖ్ మొహం చూసింది. ఒక్క ప్లేటు వంటకు చెమటలు కారుతున్నాయి, పెదవులు ఎండిపోయాయి. ఆమెకు జాలేసింది. తన మీద తనకే రోత పుట్టింది.

"ఆగు," అంది.

లేచి వచ్చి ఆయన గుప్పిట విప్పి ఉప్పంతా డబ్బాలోకి దులిపింది. మూడు వేళ్లతో చిటికెడు తీసి అరచేతిలో పెట్టింది.

"గింతే."

"గిది చీమలకు సాలుతది."

"నువ్వు ఊరికి వండుతవ్. గిది ఒక్కరికి. ఏసి, రుచి సూడు."

"మెహమాన్ల కంటె ముందుగాల..."

"ఈడ మెహమాన్లు ఎవలున్నరు? నేను, నువ్వు."

ఫరూఖ్ ఆ చిటికెడు వేసి కలిపాడు, తటపటాయిస్తూనే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో చెంచా తీసి ఆమెకు అందించాడు. బాగుంది. వెల్లుల్లి ఘాటు, మీగడ కమ్మదనం, ఆకు వాసన అన్నీ కుదిరాయి. బాగుండకపోతే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది.

"నీకు మొదటి సంది ఎరుకనేనా?" అన్నాడు ఫరూఖ్.

"ఎరుకే."

"మరి చెప్పకపోతివి."

"చెప్తె పోతవని."

ఆయన చెంచా కింద పెట్టాడు. "మరి ఇయ్యాల ఎందుకు చెప్పినవ్?"

"గోడకు ఆనుకోని కూసుంటవ్ గదా. ఇగ గది సూడ శాతనైతలేదు."

ఫరూఖ్ తలొంచుకున్నాడు. "ఇంత తక్కువ వండుడు నా చేతికి రాదు," అన్నాడు.

"నేర్చుకోవాలె. ఆడ డ్యూటీ ఒడిసి రూముకు పోయినంక నీ ఒక్కనికే వండుకోవాలె గదా."

ఆయన డబ్బా దగ్గరికి లాక్కుని, మూడు వేళ్లతో ఉప్పు తీసి ఆమె ముందు చెయ్యి చాపాడు.

"గిట్లనేనా?"

నాహీద్ ఆ చేతిలోకి చూసింది.

"జర తగ్గియ్యి," అంది. "గిది ఇద్దరికైతది."