లువాజో ఇంటివాళ్లు బర్డ్‌లైన రోజు

మా తాత పేరు ఎలీ లువాజో. ఫ్రెంచిలో లువాజో అంటే పిట్ట. ప్రొటెస్టెంటు మతం వదలమని ఫ్రాన్సు రాజు సైనికులు ఇంట్లో తిష్ట వేసినా ఆయన వదల్లేదు. ఇల్లూ ఊరూ విడిచి లండన్ చేరి, స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు మగ్గం పెట్టుకున్నాడు. మా నాన్న సామ్యూల్ ఇక్కడే పుట్టాడు, అచ్చం ఇక్కడివాళ్లలాగే మాట్లాడేవాడు.

ఫ్రాన్సుతో మళ్లీ యుద్ధం వచ్చిన ఏడాది మా వీధిలో ఫ్రెంచివాళ్ల ఇళ్ల మీద దాడులు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం గుంపు మా మేడ మెట్లెక్కింది. నేను అమ్మ వెనక నక్కాను.

"నీ పేరేంట్రా?" అని ముందున్న కసాయివాడు నాన్నను అడిగాడు.

"బర్డ్. సామ్ బర్డ్ అన్నా" అన్నాడు నాన్న, ఇంటిపేరును అప్పటికప్పుడు ఇంగ్లీషు చేసి.

"మరి ఆ ముసలోడు?"

"ఎవరో, కూలికొచ్చాడు. నాకేం తెలీదు."

తాత మగ్గం దగ్గర్నుంచి లేచాడు. నాన్న వైపు చూడలేదు.

"ఎలీ లువాజో" అన్నాడు స్పష్టంగా.

ఆయన్ను జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చుకుపోయి, వీధిలో చావబాది వదిలేశారు. ఆ దెబ్బలకు ఆయన వారం తిరక్కుండానే పోయాడు. చివరిదాకా నాన్న చేతి గంజే తాగాడు గానీ, నాన్నతో ఒక్క మాటా మాట్లాడలేదు.

యుద్ధం ఆగాక అమ్మ అడిగింది: "ఇంకెవరికి భయం? మన పేరు మనం పెట్టుకుందామయ్యా."

"అది ఆయన పేరు. ఏ మొహం పెట్టుకుని చెప్పుకోనే?" అన్నాడు నాన్న.

తాత సమాధి మీద లువాజో అని చెక్కించాడు. దాని పక్కన తనకు చోటు మాత్రం అడగలేదు. మేమంతా బర్డ్‌లుగానే ఉండిపోయాం.