గారోవ్ లేని పండుగ

రకియా అనే సారా కాయడానికి పండ్లు కోయబోయి తిహోమిర్ ప్లమ్ చెట్టు మీంచి పడ్డాడు. సారా దక్కింది, ప్లీహం దక్కలేదు. అది తీసేసి ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది: ఒంట్లో ఒక కాపలావాడు తగ్గాడు కాబట్టి టీకాలన్నీ వేయించుకోవాలి, జ్వరం తగిలితే దగ్గరుంచుకున్న మాత్ర మింగి వెంటనే ఆస్పత్రికి రావాలి, కుక్క కరిచినా, గాయాన్ని నాకినా రావాలి.

పెళ్లాం మిలుంకా చెవికి ఆ చివరి ముక్క ఒక్కటే ఎక్కింది.

"గారోవ్‌ని పంపెయ్యాలి" అంది ఇంటికి రాగానే.

"అదేం చేసిందే పాపం?"

"నీకు కుక్క ముఖ్యమా, నేను ముఖ్యమా?"

ఈ ప్రశ్నకి ఏ మొగుడైనా చెప్పే జవాబు ఒక్కటే. తిహోమిర్ అది కాస్త ఆలస్యంగా చెప్పాడు. ఆ సాయంత్రమే గారోవ్ వీధి చివర రాదిసావ్ ఇంటికి వెళ్లిపోయింది.

మిలుంకా ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగింది. ఎదురెదురు కిటికీల మధ్య గాలి ఆడితే మనిషి మంచం పడతాడని ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు కనుక అన్నీ బిగించింది. టీకాల మాట వస్తే, "రోగాల పుట్ట గడప దాటిపోయింది, ఇంకా సూదులెందుకు?" అంది. సూదులంటే వణికే తిహోమిర్‌కి ఈ ఒక్క విషయంలో పెళ్లాం మాట వేదవాక్కు అయింది.

రోజూ రొట్టె తెస్తానని బయల్దేరి రాదిసావ్ కంచె దగ్గర ఆగేవాడు. గారోవ్ కంచె సందులోంచి మూతి దూర్చి అరచెయ్యి నాకేది. ఇంటికొచ్చి దొంగలా చేతులు కడుక్కునేవాడు.

మిత్రోవ్‌దాన్ వచ్చింది, వాళ్ల ఇంటి పునీతుడి పండుగ. దానికి పిలుపులుండవు, వచ్చినవాళ్లని పొమ్మనడమూ ఉండదు. వచ్చిన ప్రతివాళ్లూ తిహోమిర్‌ని కావలించుకుని మూడేసి ముద్దులు పెట్టారు. ముక్కు కారుతున్న మనవలు ఒళ్లోకెక్కారు. రాదిసావ్ వెంట గారోవ్ కూడా గేటుదాకా వస్తే మిలుంకా చీపురెత్తింది.

"ఛీ, పో! లోపల రోగిష్టి మనిషున్నాడు!"

వెనక్కి తిరిగి, ఖళ్లుఖళ్లున దగ్గుతున్న రాదిసావ్‌ని చూసి, "చలిలో నిలబడ్డావేం అన్నయ్యా, లోపలికి రా" అంది.

పండుగ వెళ్లిన మర్నాడు తిహోమిర్‌కి వణుకు పట్టుకుంది.

"ఎవరో కిటికీ తీశారు. గాలి కొట్టింది" అని తేల్చేసింది మిలుంకా. రకియాలో ముంచిన మేజోళ్లు కాళ్లకి తొడిగింది. మాత్ర సొరుగులోనే ఉంది. తిహోమిర్ ముసుగు తన్ని లెక్కలు వేసుకున్నాడు. ఆస్పత్రికి వెళితే కుక్క సంగతి అడుగుతారు, కంచె బాగోతం బయటపడుతుంది, ఈసారి గారోవ్‌ని ఊరే దాటిస్తారు. కానీ గంట తిరగకుండానే ఊపిరి అందలేదు. అతనికి చచ్చేంత భయం వేసింది.

"ఆ మాత్ర ఇవ్వవే... అంబులెన్స్‌ని పిలు. కుక్కని రోజూ ముట్టుకుంటూనే ఉన్నా. కావాలంటే దాన్ని ఎక్కడికైనా పంపెయ్యి. నాకు చావాలని లేదు."

మిలుంకా తిట్టడం కూడా మర్చిపోయి ఫోను కోసం పరిగెత్తింది.

బతికాడు, అతి కష్టం మీద. గండం గడిచాక డాక్టరమ్మ పరీక్షల ఫలితం చెప్పింది.

"ఇది కుక్క పని కాదు. మనుషుల ముక్కుల్లో, గొంతుల్లో ఉండే క్రిమి. దగ్గరికొచ్చి దగ్గితే, ముద్దు పెడితే అంటుకుంటుంది. కుక్కని ఇంట్లో ఉంచుకోవచ్చు. చేతులు కడుక్కోండి, గాయాల్ని నాకనివ్వకండి, కరిస్తే మాత్రం ఆ రోజే రండి. దానికి టీకాలు వేయించారా?"

"ఒక్కటీ తప్పలేదమ్మా. నేనే దగ్గరుండి వేయించాను" అంది మిలుంకా గర్వంగా.

"మరి ఈయనకి?"

మిలుంకా చేతిసంచీ మూత తీసింది, మూసింది, మళ్లీ తీసింది. తిహోమిర్ గోడకేసి తిరిగాడు.

మరుసటి మిత్రోవ్‌దాన్‌కి మిలుంకా గేటు దగ్గర చీపురుతో నిలబడింది. రాదిసావ్ ముద్దుకి మొహం చాచబోయాడు.

"ఆగన్నయ్యా. దగ్గుందా?"

"ఏదో కొంచెం, గాలి కొట్టి..."

"టీకా వేయించుకున్నావా?"

"నాకెందుకమ్మా?"

"అయితే వాకిట్లోనే కూర్చో" అని తీపి గోధుమల గిన్నె అక్కడికే తెచ్చిచ్చింది.

గారోవ్ రాదిసావ్ కాళ్ల పక్కనుంచి నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. దానికి టీకాలన్నీ అయ్యాయి.