నిచ్చెన చేతులు

షిఫ్టు దిగే వేళకి మిల్లులో విజిల్ వేస్తారు. అది వినగానే ఆడవాళ్లంతా గేటు ముందు వరసగా నిలబడి రెండు చేతులూ పైకెత్తాలి. కాపలామనిషి వచ్చి చంకలూ నడుమూ తడిమి, ఎవరూ నూలు దొంగిలించలేదని తేల్చుకున్నాక చేతులు దించుకోవాలి. మగవాళ్ల గేటు దగ్గర ఈ తతంగం లేదు. మగవాళ్లు నూలు దొంగిలించరని యాజమాన్యానికి ఎవరు చెప్పారో తెలియదు. ఆడవాళ్లకి మాత్రం ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, బయట వీధిలో పోలీసు విజిల్ ఊదినా చేతులు వాటంతటవే లేచేవి. ఒకావిడ ఇంట్లో కుక్కర్ కూత వేసినా చేతులెత్తేదట. ఆవిడ మొగుడు నవ్వలేక పొలమారి చచ్చేంత పనైందట.

సోదా అయ్యాక హాస్టలుకి వెళ్లే దారిలో గోడౌను ముందు కొంత ఖాళీ జాగా ఉంది. పనికిరాని దూదిని ఉండగా చుట్టి, పైన గోనెగుడ్డ వేసి కుట్టిన బంతితో ఆడవాళ్లు అక్కడ ఆడేవారు. గోడౌను పెద్ద తలుపే వాళ్ల గోలు. తలుపు ఒక్కటే కాబట్టి గోలూ ఒక్కటే. రెండు జట్లూ దాని మీదికే తన్నేవి. రెండు జట్లకీ కలిపి తలుపు ముందు కాపలా ఉండేది ఒక్కతే. ఆమెని అందరూ నిచ్చెన అనేవారు.

భయం వేస్తే నిచ్చెన చేతులు పెరిగేవి. చిన్నప్పుడు తండ్రి తాగి తలుపు బాదితే, ఆమె పక్కమీద పడుకునే చెయ్యి చాచి గడియ బిగించేది. వాళ్లమ్మ గౌన్లు కుట్టేటప్పుడు చేతుల దగ్గర నాలుగు మడతలు ఎక్కువ పెట్టి కుట్టేది, అవసరమైనప్పుడు విప్పుకోవచ్చని. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కో పిల్లకి ఒక్కో ఒళ్లు.

పెళ్లయ్యాక మడతలు విప్పే ఉంచాల్సొచ్చింది. మొగుడు కలప అడితిలో మేస్త్రీ. ఏ మాట అనాలన్నా, చెయ్యి ఎత్తాలన్నా, ముందు గొంతు సవరించుకునేవాడు. వరండాలో ఆ చప్పుడు వినపడితే చాలు, వంటింట్లోంచి చెయ్యి ఒక్కటే నీళ్లగ్లాసు పట్టుకుని గదులు దాటుకుంటూ వచ్చేది. మనిషి లేచి రానక్కర్లేదు.

"చూశారా, మా ఆడది కదలకుండానే అన్నీ అందిస్తుంది," అని స్నేహితుల దగ్గర మురిసిపోయేవాడు. భోజనం పెట్టే చెయ్యి, చొక్కా అందించే చెయ్యి, దెబ్బలకి అడ్డుపెట్టుకునే చెయ్యి. ఆయనకి కావలసినవన్నీ చేతులే చేస్తున్నప్పుడు ఇక ముఖంతో పనేముంది? ఇన్నేళ్ల కాపురంలో ఆమె తల ఎత్తలేదు, ఆయన చూడనూ లేదు.

ఒకరోజు ఆయన కలప కొలిచే బద్ద పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఆమె చేతులు రెండూ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని పెరటి దారిన బయటపడింది. మిల్లులో పని దొరికింది, హాస్టల్లో మంచం దొరికింది. కిందే నిలబడి పై వరస నూలు కండెలు అందుకుంటుంటే నిచ్చెన అని పేరు కూడా దొరికింది. గోడౌను తలుపు ముందు నిలబెడితే, బంతి తలుపుకి ఏ మూల వచ్చినా చెయ్యి వెళ్లి ఆపేది. వచ్చిన కొత్తలో ఆమెకి అన్నిటికీ భయమే. గచ్చు మీద చెప్పుల చప్పుడన్నా భయమే.

*

ఆ రోజుల్లో దేశం కొత్తది. జెండా ఉంది, పాట ఉంది, మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఉంది. పక్క దేశం వాళ్లు మాకు ఆడవాళ్ల జట్టు కూడా ఉంది, మీ జట్టుతో ఆడతాం అని కబురు పంపారు. మాకు లేదు అని చెప్పడానికి మంత్రిగారికి మొహం చెల్లలేదు. మిల్లులో ఎవరో ఆడవాళ్లు బంతి తన్నుతున్నారట కదా, వాళ్లని తయారుచెయ్యండి అన్నారు. దేశానికి మొట్టమొదటి ఆడవాళ్ల జట్టు అలా పుట్టింది, అతిథులొచ్చారని పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చి వేసినట్టు.

వాళ్లకి కోచ్‌గా మిల్లు టైమ్‌కీపర్‌ని వేశారు. ఆడవాళ్లు ఆయన్ని గడియారం అనేవారు. ఆయన ఎప్పుడూ బంతి తన్నిన మనిషి కాదు గానీ, ఆడవాళ్లని అదుపులో పెట్టడం తెలుసు కదా, చాలని పైవాళ్లు అనుకున్నారు. స్పిన్నింగ్ విభాగంలో అందరికన్నా సీనియరైన పెద్దక్క కెప్టెన్. దర్జీ పని తెలిసినావిడ, అందరూ మిషనమ్మ అని పిలిచే మనిషి, జెర్సీలు కుట్టింది. నిచ్చెన జెర్సీకి చేతుల దగ్గర మడతలు పెట్టింది.

మ్యాచ్ దగ్గరపడేకొద్దీ గడియారానికి ఒక బెంగ పట్టుకుంది. నిచ్చెన బంతులు వదిలేస్తోంది.

"ఆ పిల్ల చేతులు కురచబడుతున్నాయేమిటి?" అన్నాడు పెద్దక్కతో.

"వేళకి తింటోంది, కంటినిండా నిద్రపోతోందండీ. అందుకని."

"నిద్రా! మ్యాచ్ పెట్టుకుని నిద్రేమిటి?"

"మరి మీరు నిద్రపోవట్లేదా ఏంటండీ?"

"నా చేతులు ఏ పాటి ఉంటే ఏం? ఆమెవి పొడుగ్గా ఉండాలి. దేశం పరువు. ఓడిపోతే మంత్రిగారు నా ఉద్యోగం తీసేస్తాడు. ఉద్యోగం పోయేముందు నేను మీ హాస్టలుకి తాళం వేయిస్తాను. అర్థమైందా?"

పెద్దక్కకి అర్థమైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రినుంచి ఆవిడకే నిద్ర పట్టలేదు.

గడియారం ఒకరోజు సెలవు పెట్టి కలప అడితికి వెళ్లొచ్చాడు.

*

మైదానం నిండా జనం. ఆడవాళ్లు నిక్కర్లు వేసుకుని పరుగెడతారని తెలిసి వచ్చినవాళ్లే సగానికి పైగా. రిఫరీ విజిల్ ఊదాడు. మన పదకొండు మందీ బంతి వదిలేసి చేతులు పైకెత్తి నిలబడ్డారు.

జనం గొల్లుమన్నారు. పక్క దేశం అమ్మాయిలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుని, ఇది ఇక్కడి మర్యాద కాబోలనుకుని వాళ్లూ చేతులెత్తారు. పెద్దక్క ముందుగా తేరుకుంది. "దించండే, ఇక్కడెవరూ తడమరు," అంది పళ్ల మధ్యనుంచి.

నిచ్చెన చేతులు దించుతుండగా, వెనకనుంచి వినపడింది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

అంత జనంలో, అంత గోలలో, ఆ చప్పుడు ఒక్కటే సన్నటి మేకులా వచ్చి వెన్నులో దిగింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేదు. గోలు వల వెనకాలే మొగుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఊపిరి తన పిక్కలకి తగులుతున్నట్టే అనిపించింది. జెర్సీ చేతుల మడతలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. వేళ్లు మోకాళ్లు దాటాయి. గడ్డిని తాకాయి.

అటువాళ్లు కుడి మూలకి కొడితే చెయ్యి వెళ్లింది. ఎడమ మూలకి కొడితే రెండో చెయ్యి వెళ్లింది. తల మీదుగా కొడితే పైనుంచి కోసుకొచ్చింది. జనం వెక్కిరించడం మాని చప్పట్లు కొట్టారు. ప్రతి చప్పట్ల మోత వెనకాలా ఆ గొంతు సవరింపు. ఆమెకి బంతి కనపడటం లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, వంటింట్లో చేసినట్టే.

విరామంలో గడియారం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశావా! మనిషికి భయం ఉండాలి. భయం లేని ఆడది దేనికీ పనికిరాదు."

నిచ్చెన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఆయన్ని ఎవరు పిలిచారు?"

"దేశం పిలిచింది."

"ఆట అయ్యాక దేశం ఆయన్ని తీసుకుపోతుందా, ఆయన నన్ను తీసుకుపోతాడా?"

గడియారం వాచీ చూసుకున్నాడు. "ఆయన భార్యవి. ఆయన తీసుకెళ్తానంటే నేనెలా కాదంటాను? గెలిపించి వెళ్లు, గౌరవంగా ఉంటుంది."

మిషనమ్మ ఆయన్ని నమిలేసేలా చూసింది. పెద్దక్క నిచ్చెన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి పెద్దక్క ఒళ్లోంచి నేల మీదికి, నేల మీదినుంచి బెంచీ కిందికి పాకి ఉంది, మంచులా చల్లగా.

విరామం అయ్యాక నిచ్చెన చేతులీడ్చుకుంటూ మళ్లీ అదే గోలులోకి వెళ్లి నిలబడింది. రిఫరీ వచ్చి భుజం తట్టి, అక్కడ కాదు, అటు అని చూపించాడు.

రెండో సగంలో జట్లు వైపులు మారతాయి. గడియారం ఆ సంగతి ఎక్కడో విన్నాడు కూడా. కానీ ఇన్నాళ్లూ వాళ్లు ఆడింది ఒక్క తలుపు ముందు. అటువైపు అనేది ఒకటుందని ఎవరికీ బుర్రలో లేదు. మేస్త్రీ కుర్చీని ఇటు వేయించాడు. గోలేమో అటు వెళ్లిపోయింది.

"కుర్చీ! కుర్చీ అటు మార్చండి!" అని గడియారం పరుగెత్తాడు. మధ్యలో మంత్రిగారి సోఫాలున్నాయి, వాటి చుట్టూ తాడు కట్టి ఉంది, తాడు దగ్గర పోలీసులున్నారు. మేస్త్రీని అడుగు కదలనివ్వలేదు. "ఎక్కడివాడివక్కడ కూర్చో," అన్నారు.

మైదానం అటు చివర నిలబడి నిచ్చెన ఇటు చూసింది. మొగుణ్ణి ఆమె అంత దూరంనుంచి ఎప్పుడూ చూడలేదు. చిటికెనవేలి గోరంత ఉన్నాడు. మెడ ఎటు తిప్పాలో తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాడు. చెయ్యి నోటి దగ్గర పెట్టుకున్నాడు, అంటే గొంతు సవరించుకుంటున్నాడన్నమాట. ఏమీ వినపడలేదు. గాలి, గడ్డి వాసన, ముందు పరుగెడుతున్న పదిమంది ఆడవాళ్ల రొప్పు. అంతే.

అప్పుడు ఆమెకి మొదటిసారి బంతి కనపడింది. ఎంత గుండ్రంగా ఉందో అనుకుంది.

చేతులు ఒక్కో అంగుళమే వెనక్కి వచ్చాయి. గడ్డి వదిలాయి, మోకాళ్లు దాటాయి, తొడల దగ్గర ఆగాయి. జెర్సీ చేతులు ఖాళీగా వేలాడుతుంటే పైకి మడుచుకుంది. రెండు బంతుల్ని పొట్టకి అదుముకుని ఆపింది. ఒకదాన్ని మోకాలితో ఆపింది. చివర్లో ఒక బంతి పై మూలకి వచ్చింది. ఆమె ఎగిరింది. మామూలు మనిషి చెయ్యి ఎంత దూరం వెళ్తుందో అంతే వెళ్లింది. బంతి వేళ్లకి తగిలి లోపలికి పోయింది.

ఆ జట్టు చరిత్ర రాసినవాళ్లు తర్వాత ఈ మ్యాచ్‌కి ఒకే వాక్యం కేటాయించారు. గోల్‌కీపర్ పొరపాటు వల్ల ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు, అని.

*

మంత్రిగారు గడియారాన్ని లోపలికి పిలిపించారు. లోపలికి వెళ్లేముందు ఆయన మేస్త్రీతో అన్నాడు, "గేటు దగ్గర నిలబడు. నీ మనిషిని నువ్వు తీసుకుపో. ఇక మాకు అక్కర్లేదు."

ఆడవాళ్లు జెర్సీలు విప్పి మిషనమ్మ సంచీలో పడేసి, మిల్లు నీలం కోట్లు తొడుక్కుని బయటికి వచ్చారు. కోట్లకి పొట్టి చేతులు. దాచుకోవడానికి ఏమీ లేదు. గేటు అవతల మిల్లు లారీ ఆగి ఉంది. గేటు దగ్గర మేస్త్రీ ఉన్నాడు.

"వెనక్కి పోదామా?" అంది మిషనమ్మ.

"వెనక గడియారం ఉన్నాడు," అంది పెద్దక్క. నిచ్చెన వైపు తిరిగింది. "మా మధ్యలో నడువు. కింద చూడకు."

మంత్రిగారి కారుకి దారి ఇవ్వాలని కాపలా పోలీసు విజిల్ ఊదాడు. పదకొండు మందీ ఠక్కున గోడ వెంట వరసగా నిలబడి చేతులు పైకెత్తారు. ఎత్తాక గానీ ఏం చేశారో తెలియలేదు. దించితే ఎవరు ముందు దించారా అని మేస్త్రీ చూస్తాడు.

మేస్త్రీ వరస మొదటినుంచి నడుస్తూ వచ్చాడు. తల పైకెత్తి చేతులే చూస్తున్నాడు, అడితిలో దుంగలు చూసినట్టు. పెద్దక్క చేతులు చూశాడు, మిషనమ్మ చేతులు చూశాడు. ఒక్కో అడుగు దగ్గరవుతుంటే నిచ్చెన గోళ్లలో సలుపు మొదలైంది. పెరగబోయే ముందు ఎప్పుడూ అలాగే సలుపుతుంది. వద్దు, వద్దు అనుకుంది. చేతులు మాట వినే రకం కాదు. చూపుడువేలు కొస కొంచెం సాగినట్టే అనిపించింది.

ఆమె ముందు ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

పెద్దక్క చెప్పిందని ఆమె కింద చూడలేదు. తల ఎత్తే ఉంచింది. ఆయన చూపు ఆమె చేతుల మీదినుంచి దిగి నేరుగా ముఖం మీద పడింది.

"ఏమ్మా," అన్నాడు, ముక్కూముఖం తెలియని మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా. "మా ఆడది ఇంకా లోపలే ఉందా?"

గోళ్లలో సలుపు ఉన్నచోటే ఆగిపోయింది. ఇన్నేళ్లూ తను ఏ మనిషికి భయపడిందో ఆ మనిషికి తనెవరో తెలియదు. ఆమెకి మాట వచ్చింది.

"ఎలా ఉంటుందండీ?"

ఆయన ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. కళ్లో, ముక్కో, రంగో ఏదో ఒకటి గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నట్టుంది. చివరికి రెండు చేతులూ బారజాపి చూపించాడు. "చేతులు... ఇంత పొడుగు."

"అలాంటివాళ్లు మాలో ఎవరూ లేరండీ."

కారు వెళ్లిపోయింది. పోలీసు చెయ్యి ఊపాడు. పదకొండు మందీ చేతులు దించి, పరుగెత్తకుండా, పరుగెత్తాలని ఒళ్లంతా గోల పెడుతున్నా పరుగెత్తకుండా నడిచి లారీ ఎక్కారు. లారీ మలుపు తిరిగేదాకా ఎవరూ ఊపిరి వదల్లేదు. గేటు దగ్గర మేస్త్రీ ఖాళీ అవుతున్న మైదానంలోకి తొంగి చూస్తూనే ఉన్నాడు.

మిషనమ్మ సంచీలోంచి ఆ జెర్సీ తీసి ఒళ్లో పరుచుకుంది. కత్తెర కూడా తీసింది. "ఈ చేతులు కత్తిరించేయనా ఇక?"

నిచ్చెన తన చేతుల వంక చూసుకుంది. ఇంకా వణుకుతున్నాయి. కానీ పొట్టిగానే వణుకుతున్నాయి.

"అప్పుడే వద్దు. మడిచి కుట్టు," అంది. కొంచెం ఆగి పెద్దక్క వైపు తిరిగింది. "అక్కా, రేపట్నుంచి నాకు ఎగరడం నేర్పుతావా?"