శుభ్రం చేసిన మడి

ఇంట్లో పని తెమల్చుకుని దిగువ మడికి వెళ్ళిన కోడలు గట్టు మీదే ఆగిపోయింది. పరిచిన ఎండుగడ్డిలో పరక కూడా లేదు. నల్లబడిన నేల, మూలన పొగ కక్కుతున్న బూడిద కుప్ప. పంగలకర్ర పట్టుకుని భర్త నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎలా ఉంది? అద్దంలా లేదూ?"

"గడ్డి ఏదండీ?"

"తగలెట్టేశా. మీ మట్టి మాస్టారు వస్తున్నాడుగా. ఆ చెత్త చూస్తే మనల్ని బద్ధకస్తులనుకోడూ?"

"ఆ చెత్త చూడ్డానికేనండీ ఆయన వచ్చేది!"

"ముందే చెప్పొద్దూ?"

"రోజూ అన్నం పెడుతూ చెప్పింది ఎవరికి, గోడకా?"

కోత అయ్యాక గడ్డిని కాల్చకుండా నేల మీదే పరిస్తే చెమ్మ నిలుస్తుందని, వానపాములు చేరతాయని ఆమె శిక్షణ తరగతిలో ఈ మాస్టారి దగ్గరే నేర్చుకుంది. మామగారిని ఎంత బతిమాలితేనో ఈ మడి ఒక్కటి వదిలాడు. మాస్టారు తవ్వినప్పుడు తేడా కనిపిస్తేనే ఎగువ చేనుకు నిప్పు పెట్టడం ఆపుతానన్నాడు. గాలికి లేచిన గడ్డిని సర్దుతూ, కోళ్ళను తోలుతూ ఆమె మడిని పసిపిల్లలా కాచుకుంది. నిన్న గడ్డి ఎత్తి చూస్తే కింద వానపాములు కదిలాయి. భర్తను పిలిస్తే రేపు చూస్తాలే అన్నాడు.

మామగారు కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నాక మాస్టారు మడిలో పార వేశాడు. పైపొర కాలి పెళుసుబారింది.

"నిప్పు పెట్టారా? ఉన్న వానపాములు లోపలికి పోయుంటాయి. ఇప్పుడు చూసి ఏం చెప్పను?"

భర్త గట్టు మీద గడ్డిపోచ పీకుతూ కూర్చున్నాడు.

మామగారు లేచాడు. "చెప్పడానికేముంది? ఒక్క వానపాము లేదు. రేపు ఎగువ చేను కాల్చేస్తా."

"మావయ్యా, నిన్న ఉన్నాయి. నా కళ్ళతో చూశాను."

"నా కళ్ళకి లేవమ్మా."

మాస్టారూ, మామగారూ వెళ్ళిపోయారు. ఆమె భర్త వైపు తిరిగింది.

"పదండి ఎగువ చేనుకి. అక్కడి గడ్డంతా మోసుకొచ్చి ఇక్కడ పరుద్దాం. రేపు మావయ్యకి కాల్చడానికి ఏమీ మిగలకూడదు."

"అంత చేనా? నడుం విరుగుతుందే!"

"పొద్దున లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?"

అతను పంగలకర్ర భుజాన వేసుకుని నడిచాడు. ఎత్తిన మొదటి మోపు దారిలోనే సగం జారిపోయింది. వంగి ఏరుకుంటూ వెనకే వస్తున్న ఆమెను చూసి, "కోపం పోయిందా?" అన్నాడు.

"గట్టిగా పట్టుకోండి," అందామె.