తెర మీద ఎరుపు ఉండకూడదు

ఆదోనిలో జిన్నింగు మిల్లుల సామాన్లు అమ్మే కొట్టు పైన శ్రీనివాసులు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కంపెనీ అంటే నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, దాని కింద శ్రీనివాసులు. ప్రోగ్రాములు రాసేది మాత్రం గుల్నాజ్. ఏడాదిన్నరగా ట్రైనీ. "ఇంకొక్క ప్రాజెక్టు కానీమ్మా, పర్మనెంట్ చేస్తా" అన్న మాట నమ్మి మూడు ప్రాజెక్టులు గట్టెక్కించింది. నాలుగోది ఎమ్మిగనూరు నేత సంఘం వాళ్ల అద్దకం షెడ్డుది. నూలు బరువు కొడితే రంగుపొడి ఎంత వేయాలో అది చెప్పాలి. ఈసారీ పర్మనెంట్ కాకపోతే ఇంట్లో వాళ్లు కుట్టు మిషను ముందు కూర్చోబెడతారు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది.

ఆమెకో పద్ధతి ఉంది. మనిషి టైపు చేసిన అంకెను ఆమె నమ్మదు. సరిచూసేదాకా ప్రోగ్రాములో దాని పేరు 'కచ్చా' అని మొదలవ్వాలి, సరిచూశాక 'పక్కా' అని. కచ్చా పేర్లను ఎర్రగా, పక్కా పేర్లను ఆకుపచ్చగా చూపించమని, ప్రోగ్రాము టైపు చేసే ఎడిటరుకు కూడా చెప్పి పెట్టింది. ఎరుపు కనిపించిందంటే అక్కడ ఇంకా పని ఉన్నట్టు. ఎడిటరు పాపం పేరు చూసి రంగు వేస్తుంది, అంతే. సరిచూశారా లేదా అన్నది దానికేం తెలుసు?

శ్రీనివాసులుకూ తెలియదు. నేత సంఘం అధ్యక్షుడు వచ్చే రోజు పొద్దున్నే ఆమె తెరలోకి తొంగి చూసి అదిరిపడ్డాడు.

"ఏందిమ్మా ఈ ఎరుపు? తప్పులు సేసినట్టుంది. వచ్చేటోళ్లు సూస్తే ఏమనుకుంటారు?"

"బరువు సరిసూసేది ఒకటి మిగిలింది సార్. అది రాస్తే పోతాది. ఒక గంట ఇయ్యండి."

"గంటెందుకు? సూడు!" అంటూ కుర్చీ లాక్కుని, కచ్చా అన్న చోటల్లా పక్కా అని ఒకేసారి మార్చిపారేశాడు. తెరంతా పచ్చగా అయింది. ఆ పచ్చదనం చూసి చంకలు గుద్దుకున్నాడు. గుల్నాజ్ ఏదో అనబోతే, ట్రైనీలు ఎక్కువ మాట్లాడితే పైకి రారని హితవు చెప్పాడు.

పదకొండుకల్లా మద్దిలేటి వచ్చాడు. ముప్పై ఏళ్లు అద్దకం చేసి సంఘానికి అధ్యక్షుడైన మనిషి. చేతిగోళ్లలో నీలం ఇంకా వదల్లేదు. శ్రీనివాసులు తెర చూపించి, "ఒక్క ఎరుపు లేదు సూడన్నా, అంతా పక్కా!" అన్నాడు. మద్దిలేటి వంగి, ఇరవై కేజీల నూలుకని ఇరవై వేలు కొట్టాడు. షెడ్డులో తక్కెడ గ్రాముల్లోనే చూపిస్తుంది మరి. ప్రోగ్రాం వాటిని కేజీలనుకుని తడుముకోకుండా జవాబిచ్చింది: రంగుపొడి నాలుగు వందల కేజీలు.

"నాలుగొందల కేజీలా! ఆ నీళ్లు వదిలితే తుంగభద్ర కాలవ నీలంగా పారతాది గదప్పా!"

"పాప కొత్తదన్నా, తప్పు రాసింటాది" అన్నాడు శ్రీనివాసులు, తడుముకోకపోవడంలో తన ప్రోగ్రాముకు ఏమాత్రం తీసిపోకుండా.

గుల్నాజ్ మద్దిలేటి వైపు తిరిగింది.

"పొద్దున దాకా ఆ బరువు పేరు ఎర్రగా ఉండె తాతా. ఇంకా సరిసూడలేదని గుర్తు. సార్ ఆ పేరు మార్సినారు. రంగు మారింది. పని అట్లే ఉంది."

మద్దిలేటి శ్రీనివాసులును తేరిపార చూశాడు. "మేము రంగు పట్టిందా లేదా అని తడిగుడ్డతో రుద్ది సూస్తామప్పా. చీటీ మీద పక్కా అని రాసి నూలుకు కడితే రంగు పడతాదా?" అని, ఆమె వైపు తిరిగి, "ఎంతసేపు పడతాదమ్మా?" అన్నాడు.

"గంట."

"కూచుంటా. టీ చెప్పప్పా."

గుల్నాజ్ పాత పేర్లు వెనక్కి తెచ్చింది. రంగుపొడి లెక్క కట్టే వరుసలో ఒక్క మాట ఎర్రగా వెలిగింది. తిన్నగా అక్కడికే వెళ్లింది. గంటలోపే మద్దిలేటి మళ్లీ ఇరవై వేలు కొడితే, ప్రోగ్రాం ఈసారి ఆగి, కేజీలా గ్రాములా అని అడిగింది. ఆయన నవ్వాడు. సోమవారం షెడ్డులో ఇది పెట్టడానికి ఈ అమ్మాయే రావాలని, అప్పుడే ఒప్పందం మీద సంతకం చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు శ్రీనివాసులు రెండు పనులు చేశాడు. మద్దిలేటికి నచ్చింది కాబట్టి ఇక మీదట అన్ని పేర్లూ ఎర్రగానే ఉండాలని ఆఫీసుకు ఉత్తర్వు వేశాడు. గుల్నాజ్ చేతిలో ఒక కాగితం పెట్టి, పండగ చేసుకోమన్నట్టు నిలబడ్డాడు.

కాగితం పైన పెద్ద అక్షరాల్లో 'సీనియర్ ప్రోగ్రామర్' అని ఉంది. ఆమె కింది వరకూ చదివింది. చివర్న చిన్న అక్షరాల్లో, మిగతా నిబంధనలన్నీ ట్రైనీకి ఉన్నవే అని ఉంది.

గుల్నాజ్ టేబుల్ మీది ఎర్ర పెన్ను తీసుకుంది. 'సీనియర్' ముందు 'కచ్చా' అని రాసి, కాగితాన్ని అతని వైపు జరిపింది.

"కింద వరస సరిసేసి ఇయ్యండి సార్. సోమవారం ఎమ్మిగనూరికి పర్మనెంట్ మనిషి పోతాది. ట్రైనీ పోదు."