ఆకులమలుపు కాడ నల్లా

రేగులపాడు గ్రామపంచాయతీగా ఉన్నన్నాళ్ళూ పంచర్ల పగిడయ్యకు ఒకే ఒక్క పన్ను భారమైంది. అది కుడివైపు దవడపన్ను. దాన్ని పీకించుకుంటే పోయింది. ఊరు మున్సిపాలిటీ అయ్యాక వచ్చిన పన్నులు మాత్రం పీకించుకునేవి కావు.

"నోట్ల పండ్లు తగ్గుతున్నయ్, నోటీసుల పన్నులు పెరుగుతున్నయ్" అని తన దుకాణం ముందు ఆగిన ప్రతి బండివాడికీ చెప్పేవాడు. బండివాడు నవ్వితే ఇంకోటి చెప్పేవాడు. నవ్వకపోతే రెండు చెప్పేవాడు. ట్యూబు తొట్టిలో మునిగి బుడగలు తేలేదాకా కస్టమరు ఎక్కడికీ పోలేడు కదా!

ఆ దుకాణం భద్రాచలం రోడ్డు మీద, అడవిలోని ఆఖరి టేకుచెట్లు ఆగిపోయి ఊరిలోని మొదటి ఇళ్ళు మొదలయ్యే మలుపులో ఉంది. వెనక రెండు గదుల ఇల్లు. అందులో పగిడయ్య, ఆయన అక్క రామక్క. తల్లి పోయినప్పుడు పగిడయ్యకు ఐదేళ్ళు, రామక్కకు పద్నాలుగు. ఆనాడు తమ్ముణ్ణి చంకనెత్తుకున్న అక్క మధ్యలో పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, భర్త పోయాక మళ్ళీ తమ్ముడింటికే వచ్చింది. ఇప్పుడాయనకు యాభై మూడు, ఆమెకు అరవై రెండు. గొంతెత్తి మాట్లాడే పగిడయ్యను "నోర్ముయ్" అనే హక్కు లోకంలో ఆమె ఒక్కదానికే ఉంది.

మున్సిపాలిటీ వాళ్ళు ఆ వాడకు చేసిన మేలు ఒక నల్లా. దాన్ని కాదనే పని లేదు. పొద్దున ఆరింటికి వస్తుంది, గంటసేపు ధారగా పోస్తుంది, నీళ్ళు తియ్యగా ఉంటాయి. చిక్కల్లా ఇళ్ళు రోడ్డుకు ఈవల, నల్లా ఆవల. నడుమ లారీలు. జామాయిల్ దుంగలు నింపుకుని సారపాక కాగితం మిల్లు వైపు పోయే లారీలు, ఇసుక లారీలు, ఏం నింపుకున్నాయో తెలియకుండా టార్పాలిన్ పట్టాలు కప్పుకున్న లారీలు. పైపు ఈవలకు తేవాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు ఇంకో శాఖది.

"అడివిల చెట్లు కొట్టేసిండ్రు గానీ ఆఫీసుల శాఖలు కొట్టెయ్యలే" అన్నాడు పగిడయ్య ఆ సంగతి విని. అప్పటికింకా ఆయనకు నవ్వులాటగానే ఉంది.

మంగళవారం పొద్దున ఆరున్నరకు ఆ నవ్వు ఆగిపోయింది.

రామక్క నిండు బిందెతో రోడ్డు దాటుతోంది. మలుపు తిరిగిన జామాయిల్ లారీ ఆమెను చూసిందో లేదో తెలియదు. ఆమె వెనక్కి జరిగింది, బిందె చంకలోంచి జారింది. లారీ పోయాక రోడ్డు మీద ఇంత తడి, నడుమ అప్పడంలా అణిగిన స్టీలు బిందె. రామక్క దాన్ని తీసుకుని, తాపీగా దాటి వచ్చి, దుకాణం ముందు పడేసింది.

"పగిడిగా, దీనికి పంచరు ఎయ్యొస్తదా?"

పగిడయ్య బిందెను ఎత్తి, అణిగిన అంచును వేలితో తడిమాడు.

"ఆదివారం పది గంటల ఖమ్మం బస్సుకు నేలకొండపల్లి పోత. కళావతి వాకిట్లనే నల్లా ఉందట" అంది రామక్క. కళావతి ఆమె కూతురు.

"ఎన్ని దినాలు ఉంటవక్కా?"

"ఈడ ఉంటే నువ్వే నా దినాలు చెయ్యాల్సొస్తది."

అంతే. ఆ సాయంత్రమే పాత దుప్పటి పరిచి మూట కట్టడం మొదలుపెట్టింది. చుట్టపుచూపుకు పోయేవాళ్ళు సంచి సర్దుకుంటారు. మూటలోకి రోకలి కూడా పోవడం చూసి పగిడయ్యకు విషయం అర్థమైంది.

బుధవారం అణిగిన బిందెను, ఒక దరఖాస్తును పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. గుమస్తా మంచివాడు, కుర్చీ చూపించాడు.

"స్పీడ్ బ్రేకర్ మా చేతిలో లేదండి. అది రోడ్డు వాళ్ళు వెయ్యాలి."

"నల్లా ఎవరిది సారూ?"

"మాదే."

"ఈవల ఇల్లు?"

"మాదే. పన్ను కట్టారుగా."

"మరి నడుమల ఉన్నప్పుడు మా అక్క ఎవరిది?"

గుమస్తా పాపం తల గోక్కున్నాడు, ఫైలు తిప్పాడు, ఫ్యాను వైపు చూశాడు. "నల్లాల నీళ్ళు గంటసేపే గానీ, ఈడ మాత్రం పొద్దంత నములుతున్నరు" అని పగిడయ్య లేచాడు. గది గదంతా నవ్వింది. దరఖాస్తు మీద ముద్ర కూడా పడింది. బయటికి వచ్చాక మాత్రం, అంతమందిని నవ్వించి కూడా వట్టి చేతులతో పోతున్నానే అనిపించింది ఆయనకు. చేతిలో బిందె ఉంది గానీ అందులో ఇప్పుడు చుక్క పట్టదు.

బస్సులో తిరిగి వస్తుంటే కండక్టరు అరిచాడు: "ఆకులమలుపు! ఆకులమలుపు ఉన్నరా?"

రోజూ వినే పేరే. ఆ రోజు చెవిలోంచి గుండెలోకి దిగింది.

నాయిన వెదురు బండి గుర్తొచ్చింది. అడవిలోంచి వచ్చే ప్రతి బండీ ఈ మలుపులో ఆగేది. బండివాడు దిగి, పక్క చెట్టు నుంచి ఒక పచ్చాకు రెమ్మ తుంచి, రోడ్డువారన ఉన్న ఆకుల కుప్ప మీద దేవతకని వేసి, అప్పుడు కదిలేవాడు. గుడి లేదు, బొమ్మ లేదు. ఆకుల కుప్పే. ఇప్పపూల కాలంలో ఆ మలుపంతా పులిసిన తీపి వాసన వేసేది. ఎద్దులు చెవులాడించేవి. పరికిణీ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బండి మీంచి దుమికేది రామక్కే. ఆకు వేసి పరుగున వస్తే నాయిన చేయి అందించేవాడు. ఐదేళ్ళ పగిడయ్య వెదురు మీద కూర్చుని "నేనేస్త, నేనేస్త" అని ఏడ్చేవాడు. తరువాత లారీలొచ్చాయి. అవి కూడా ఆగేవి. క్లీనర్లు దుమికి ఆకు వేసేవారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో వేగం అంటే అల్లం వేసిన చాయ్ కడుపులోకి పోయే వేగమే.

తరువాత రోడ్డు విస్తరణ వచ్చింది. విస్తరణ అయితే బాగానే అయింది గానీ, ఆ కుప్పకు విస్తరాకంత జాగా మిగల్చలేదు. మెత్తని తారు పడింది. మెత్తని తారు మీద కాలు బ్రేకు మీదికి పోదు.

కుప్ప ఉంటే లారీ ఆగుతుంది! పగిడయ్య సీట్లోనే తొడ కొట్టుకున్నాడు.

గురువారం విస్తళ్ళు కుట్టే ఇళ్ళకు పోయి, కత్తిరించి పారేసిన అడ్డాకు ముక్కలు రెండు గోతాల నిండా తెచ్చాడు. "పేరులనే ఉంది, లారీలకు అడ్డాకు!" అని తనలో తనే మురిసిపోతూ మలుపులో నడుమెత్తు కుప్ప పోశాడు. దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఒక్క లారీ ఆగలేదు. ఒక స్కూటరు మాత్రం ఆగింది.

"ఎవరింట్ల పెండ్లి కాకా? మాకు చెప్పనే లేదు. ఎంగిలాకులు గిట్ల రోడ్డు మీద ఏస్తరా?"

మధ్యాహ్నానికి రెండు మేకలు వచ్చి విందు మొదలుపెట్టాయి. శుక్రవారం పొద్దున్నే చెత్తబండి వచ్చింది. వారానికి రెండుసార్లు రావాల్సిన బండి, ఆ వాడకు వచ్చి నెలయింది. ఆ రోజే రావాలా! పారిశుధ్యం పుష్పలత పది నిమిషాల్లో కుప్పనంతా ఎత్తిపోసి, ముందు ఒక ఫోటో, తరువాత ఒక ఫోటో తీసింది.

"గ్రూపుల పెట్టిన కాకా. పెద్దసారు అప్పుడే బొటనవేలు పెట్టిండు."

"సంతకం రానోళ్ళు గదమ్మా బొటనవేలు పెట్టేది" అన్నాడు పగిడయ్య, గొంతులో బలం లేకుండా.

ఇదంతా లచ్చయ్య చూస్తున్నాడు. లచ్చయ్య అడవి లోపలి గూడెం పెద్ద. డెబ్భై దాటినా శుక్రవారం సంతకు అడ్డాకు మోపు నెత్తినెత్తుకుని వస్తాడు. మోపు దించి, దుకాణం నీడన కూర్చుని, సంగతంతా విన్నాడు.

"కుప్ప నువ్వే పోసినవా?"

"అవ్ లచ్చన్నా."

లచ్చయ్య చాలాసేపు నవ్వాడు. అంత నవ్వు పగిడయ్య ఎన్నడూ రాబట్టలేకపోయాడు.

"గది ఎవ్వరు పొయ్యలే పగిడయ్యా. మా నాయిన ఒక్క ఆకు ఏసిండు, మీ నాయిన ఒక్క ఆకు ఏసిండు. గట్ల అయింది. ఎవని ఆకు వాడే తుంచాలె. పచ్చిది. ఎవడో తెచ్చిన ఎండాకు చెత్తబండికే పోతది."

"దేవతకు మొక్కే గదా, ఎవలేస్తే ఏంది?"

"దేవతకనే ఏస్తం. మా తాత ఇంకో మాట అంటుండె. ఎనకొచ్చెటోనికి కూడా అని. పచ్చాకు కనబడ్డదనుకో, నీకన్న ముందటోడు ఈ మలుపు సల్లగ దాటిండు. అంతా ఎండినాకే ఉందనుకో, జర పైలం." మోపు ఎత్తుకుంటూ అన్నాడు, "నువ్వు పొయ్యకు. ఒక్కణ్ణి ఆపు, చాలు."

ఒక్కణ్ణి ఆపడం పంచరు దుకాణానికి కష్టమా! అయినా శనివారం మధ్యాహ్నం దాకా ఎవరి టైరూ దిగలేదు. ఇంట్లో మూట ఎత్తు పెరుగుతోంది. రెండు దాటాక ఒక జామాయిల్ లారీ కుంటుతూ వచ్చి ఆగింది. డ్రైవరు మోతీలాల్, పక్క తండావాడు, రోజూ ఈ దారినే పోయేవాడు.

పగిడయ్య జాకీ పెట్టాడు, నట్లు విప్పాడు, టైరు దింపాడు. ఒక్క మాట లేదు. మోతీలాల్‌కు భయమేసింది.

"ఏమైంది కాకా? పానం మంచిగలేదా? దవాఖానకు పోదామా?"

రామక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మోతీలాల్ తలెత్తి గటగటా తాగుతుంటే దుకాణం తలుపుకు వేలాడుతున్న అణిగిన బిందె కనబడింది. చెంబు దించాడు.

"గిదెప్పుడైంది?"

"మంగళారం. పొద్దుగాల ఆరున్నర" అన్నాడు పగిడయ్య.

మోతీలాల్ బిందెను చూశాడు, రామక్కను చూశాడు. "మంగళారం గీడ టైరు కింద ఏదో నలిగినట్టయింది. డబ్బానో ఏందో అనుకున్న. అవ్వా, నువ్వు ఉంటివా?"

"నేను ఉంటిగా, బిడ్డా. కొంచెముంటే లేకపోదును. తాగు, నీళ్ళు ఆ నల్లావే."

అతడు తాగలేకపోయాడు. పగిడయ్య టైరు బిగిస్తూ, నవ్వించే ప్రయత్నం లేకుండా, మలుపు సంగతి, కుప్ప సంగతి, ఆదివారం బస్సు సంగతి చెప్పాడు.

"మా బాపు లారీ గూడ ఆపుతుండె" అన్నాడు మోతీలాల్ మెల్లగా. "నన్ను దించి, ఏసి రా పో అంటుండె. రోడ్డు కొత్తగైనంక మేమే మరిచినం."

రోడ్డు దిగి ఇప్పచెట్టు నుంచి ఒక రెమ్మ తుంచాడు. పాత కుప్ప ఉన్న వారన ఆగి, చెప్పులు విడిచి, రెమ్మను నేల మీద పెట్టాడు. లారీ ఎక్కి, మొదటి గేరులో మలుపు దాటాడు.

ఒక్క రెమ్మ. అంత పెద్ద రోడ్డు పక్కన అది దువ్వెనంత కూడా లేదు. పగిడయ్య ఇంకో నాలుగు తుంచబోయాడు.

"ముట్టకు" అంది రామక్క. "నీ లారీ ఏది?"

మోతీలాల్ దుంగలు దించే చోట వరసలో నిలబడ్డ డ్రైవర్లకు ఏం చెప్పాడో గానీ, సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చిన లారీల్లో ఒకటి ఆగింది, కాసేపటికి ఇంకోటి. ఒక నెరిసిన మీసాల డ్రైవరైతే ఎవరూ చెప్పకుండానే, రెమ్మలు చూసి బ్రేకు తొక్కి, "అరె, మళ్ళ ఏస్తున్నరా!" అని దిగాడు. ఊరి పేర్లు తెలియని దూరపు లారీలు ఆగలేదు గానీ, ముందు లారీ ఆగితే వెనకది ఎక్కడికి పోతుంది? తిట్టుకుంటూనైనా నెమ్మదించింది.

పగిడయ్య ఒక్కో రెమ్మ పడ్డప్పుడల్లా ఇంట్లోకి తొంగి చూశాడు. మూట అలాగే ఉంది. పైన మూడు ముళ్ళు కూడా పడ్డాయి.

ఆదివారం పొద్దున మళ్ళీ చెత్తబండి! పెద్దసారు బొటనవేలు పెట్టిన ఉత్సాహం కాబోలు. పుష్పలత చీపురు పట్టుకుని మలుపులో నిలబడింది.

"కాకా, గిది గూడ చెత్తనేనా?"

పగిడయ్యకు నాలుక మీదికి నాలుగు చమత్కారాలు వచ్చాయి. నాలుగూ మింగాడు.

"కాదమ్మా. ఎవలియి వాళ్ళు ఏసిన్రు."

ఆమె వంగి చూసింది. రెమ్మలు పాతిక దాకా ఉన్నాయి, ఇంకా పచ్చగా. వాటి చుట్టూ జాగ్రత్తగా ఊడ్చి, ఒక ఫోటో తీసి, ఏదో టైపు చేసి చూపించింది. 'మూడో వార్డు మలుపు. చెత్త లేదు.'

పది గంటల బస్సు పదింబావుకు వచ్చింది. మూట అరుగు మీద ఉంది. ఆ రోజు నల్లా ఆలస్యంగా వదిలారు, రామక్క ఆవల ప్లాస్టిక్ బిందె నింపుకుంటోంది. ఈవల నిలబడ్డ పగిడయ్యకు బస్సు ఆపాలో వద్దో తెలియక చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

బస్సు దానంతటదే నెమ్మదించింది. డ్రైవరు రెమ్మల వైపు చూస్తూ మలుపులో పూర్తిగా ఆపాడు. వెనక జామాయిల్ లారీ కూడా ఆగింది.

"ఖమ్మం, ఖమ్మం! జల్దీ!" కండక్టరు అరిచాడు.

రామక్క బిందె చంకనెత్తుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. ఖాళీ చెయ్యి బస్సు వైపు అడ్డంగా చాచి నడక మొదలుపెట్టింది. ఉరకలేదు. తారు మీద ఒక్కో అడుగూ పూర్తిగా ఆనించి నడిచింది. రోడ్డు నడిమధ్యన ఆగి, కొంగు సర్దుకుని మరీ నడిచింది.

"అవ్వా, ఎక్కుతవా లేదా?"

"నీళ్ళు మోస్తున్న, కనబడ్తలేదా? పోనియ్."

బస్సు పోయింది. లారీ డ్రైవరు దిగి రెమ్మ కోసం చెట్టు వైపు నడిచాడు. రామక్క బిందె గడప లోపల దించి, తమ్ముడి వైపు తిరిగింది.

"గట్ల నిలబడి చూస్తవేంది? మూట ఇప్పు. బియ్యప్పిండి అండ్లనే ఉంది, సర్వపిండి చేస్త."

ముళ్ళు బాగా బిగిసిపోయాయి. వాటిని విప్పడానికి పగిడయ్యకు లారీ టైరు విప్పినంత సేపు పట్టింది. అంతసేపూ ఆయన నోరు మాత్రం విప్పలేదు.